నీళ్ల కింద ఎట్లుంటది

దేవరుప్పుల చుట్టుపక్కల ఊళ్లలో బావిలో ఏది పడినా ముందు ఒకటే మాట వినిపించేది, "నబీసాబ్‌కు కబురు పెట్టుండ్రి" అని. బొక్కెన జారినా, బిందె మునిగినా, పైపు విరిగి మోటారు అడుగుకు పోయినా ఆయనే రావాలి. పుస్తెలతాడు పడితే మాత్రం కబురు పెట్టేవారు కాదు. మగవాళ్లకు తెలియకుండా ఆడవాళ్లే వచ్చి ఆయన వాకిట్లో నిలబడేవారు. నబీసాబ్ తువ్వాల భుజాన వేసుకుని, గోడకు వేలాడే జనపతాడు తీసుకుని, ఎవరిది, ఎట్ల పడింది అని అడగకుండా వెనకాలే నడిచేవాడు. ఆయనకున్న పేరులో సగం ఆ అడగకపోవడం వల్ల వచ్చిందే.

తాడు ఒక కొస నడుముకు కట్టుకుని, రెండో కొస ఒడ్డున ఇద్దరికి ఇచ్చేవాడు. ఒక్కసారి గుంజితే తాడు ఇంకాస్త వదలాలి. రెండుసార్లు గుంజితే పైకి లాగాలి. మూడుసార్లు గుంజితే ఏం చేయాలని ఎవరైనా అడిగితే, "మూడోసారి గుంజెటందుకు మనిషుండడు" అని నవ్వేవాడు. దిగేముందు దోసెడు నీళ్లు పుక్కిలించి ఊసి, అడుగున బురద ఎంత ఉందో రుచిని బట్టి చెప్పేవాడు. ఆ తర్వాత కళ్లు మూసుకుని మునిగేవాడు.

కళ్లు మూసుకోవడం తండ్రి నేర్పిన విద్య. "నీళ్లల్ల కండ్లు తెరిస్తే చేతులు మొద్దుబారుతయ్ బేటా" అని ఏడేళ్ల వయసులో మొదటిసారి బావిలోకి తోస్తూ చెప్పాడట. బావి అడుగున ఎలాగూ చీకటి, బురద, కుళ్లిన వేపాకు తప్ప ఏముంటాయి? అందుకని నబీసాబ్ రెప్పలు తలుపులు బిగించినట్టు బిగించి, పని అంతా వేళ్లకు అప్పగించేవాడు. వేలికొసకు తగిలితే చాలు, ఇది ఇత్తడి, ఇది సిలవరు, ఇది ఎవరో విసిరేసిన తాళంచెవి అని తెలిసిపోయేది. ఒకసారి ఒక బడి సారు సైకిలు తొక్కడం నేర్చుకుంటూ దానితో సహా బావిలో పడ్డాడు. సారును జనం తీశారు, సైకిలును నబీసాబ్ తీశాడు. సైకిలు గంటను మాత్రం మర్నాడు మళ్లీ వచ్చి విడిగా వెతికి తీశాడు. పడ్డది పడ్డట్టు తిరిగి ఇవ్వకపోతే ఆయనకు అన్నం సహించదు.

తీసినదాన్ని చేతికి ఇచ్చేవాడు కాదు. బావి ఒడ్డున పెట్టేవాడు. ఇంటావిడ దాని మీద చెంబెడు నీళ్లు, ఆయన నెత్తి మీద బిందెడు నీళ్లు పోశాకే అది మళ్లీ మనుషులది అయ్యేది. మనుషులను తీయాల్సి వచ్చిన రోజులూ ఉండేవి. కరువు ఏడాదుల్లో అలాంటివి ఎక్కువ. ఆ రోజు ఎవరిచ్చినా ఏమీ పుచ్చుకోకుండా ఇంటికి వచ్చి, స్నానం చేసి, పొద్దుగూకేదాకా మాట్లాడకుండా కూర్చునేవాడు. భార్య మరియం బీ కూడా ఆ రోజు ఏమీ అడిగేది కాదు.

మిగతా రోజులన్నీ అడిగేది. వాళ్లింట్లో మాట సగం దక్కనీ, సగం తెలుగు. మనం తెలుగులోనే చెప్పుకుందాం.

"నీళ్ల కింద ఎట్లుండె?" అని అరచెయ్యి చాపేది.

ఆయన పక్కన కూర్చుని ఆ చేతి మీద వేలితో రాసేవాడు. ఇక్కడ మెట్టు, ఇక్కడ జారుడు, ఇక్కడ రాయి పొక్కిలి, మోటారు ఇట్ల ఒరిగి ఉండె అని. చక్కిలిగింత పుట్టి ఆమె చెయ్యి లాక్కునేది. మళ్లీ చాపేది. మరియం బీకి చిన్నప్పటి నుంచి నీళ్లంటే భయం. బావి ఒడ్డున నిలబడి చేదలేక పక్కింటి ముత్తమ్మ చేత చేదించుకునేది. అలాంటి మనిషికి బావిలో బతికే మొగుడు దొరికాడు. తాను ఎన్నడూ వెళ్లలేని చోటును ముప్పై ఎనిమిదేళ్లు అరచేతిలో చూసింది. వాళ్లకు ఒక్క కూతురు నజియా. ఆ అమ్మాయి బొగ్గుబాయిలో పనిచేసే అతన్ని చేసుకుని భూపాలపల్లి వెళ్లాక ఇంట్లో ఇక మిగిలిన ముచ్చట అదే.

తర్వాత బోర్లు వచ్చాయి. ఒక్కొక్క బావి ఎండింది. ఎండిన బావిలో పడినదాన్ని తీయడానికి నిచ్చెన చాలు, నబీసాబ్ అక్కర్లేదు. తాడు గోడకే వేలాడింది.

అలాంటి ఒక ఏడు, జనగామలో సైకిళ్ల దుకాణం నడిపే మరియం బీ అన్న అబ్దుల్ బారీ ఒక క్యాలెండర్ పంపాడు. ఒక నెల కాగితం మీద సముద్రం అడుగు బొమ్మ ఉంది. పగడపు దిబ్బలు, వాటి మధ్య చేపలు, వెనకాల ఎప్పుడో మునిగిన ఓడ ఎముకలు. రంగులు పెళ్లిపందిరిలా ఉన్నాయి. ఆ నెల అయిపోయినా మరియం బీ కాగితం తిప్పలేదు. అప్పటికే చక్కెర రోగం ఆమె కళ్లలోకి దిగింది. కుడి కన్ను పోయింది. ఎడమ కన్నుకు అక్షరాలు ఆనకపోయినా రంగులు ఆనేవి.

"నీళ్ల కింద గిన్ని రంగులుంటయా? గిన్నేండ్లల్ల ఒక్కనాడన్న చెప్పకపోతివి."

నబీసాబ్ తల వంచుకుని చెప్పాడు. "నేను చూడలే మరియం. నీళ్లల్ల నేను కండ్లు తెరువ."

ఆమెకు ఆ సంగతి ఆ రోజే తెలిసింది. మునిగేవాళ్లందరూ చూస్తారనుకుంది. ఆమె నవ్వుతుందేమో అనుకున్నాడు, నవ్వలేదు. కోపమూ చేయలేదు. రెండు రోజులు గడిచాక రొట్టె చేస్తూ చేస్తూ అంది. "ఒక్కపారి గసొంటి తావు చూసి రా. నాకు రంగు తెలుస్తున్నప్పుడే వచ్చి చెప్పు. చీకటైనంక చెప్తే నాకు దేనితోని పోల్చుకోవాల్నో తెల్వదు."

దేవరుప్పుల నుంచి సముద్రం ఏ దిక్కున ఉందో కూడా నబీసాబ్‌కు సరిగా తెలియదు. అయినా ఆ మాట ఆయన లోపల పడిపోయింది. పడ్డదాన్ని తీయకుండా ఉండలేని మనిషి.

వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు, 2011 ఎండాకాలం చివర దారి తానే వచ్చింది. జనగామ మేస్త్రీ జగపతి అండమాన్‌లో ఒక జెట్టీ మరమ్మతుకు కూలీలను తీసుకువెళ్తున్నాడు. నీళ్లలో జారిపడే గొలుసులు, ఇనుప చువ్వలు వెతికి తీయడానికి మునిగే మనిషి కావాలన్నాడు. అప్పటికి నబీసాబ్‌కు యాభై తొమ్మిది. "ఈ వయసుల సముద్రమెందుకు నాయినా" అని నజియా ఫోన్లో ఏడ్చింది. మరియం బీ మాత్రం అతని సంచిలో తాడు తన చేతులతో సర్ది పెట్టింది.

దూరపు కొండలు నునుపు అని ఊరికే అన్నారా? మూడు నెలలు రోజూ సముద్రంలో మునిగాడు, సముద్రాన్ని మాత్రం చూడలేదు. జెట్టీ కింద నీళ్లు డీజిలు, మడ్డి, సున్నం కలిసి దేవరుప్పుల బావుల కంటే నల్లగా ఉండేవి. అక్కడా కళ్లు మూసుకోవడమే, అక్కడా వేళ్లతో వెతకడమే. వారానికోసారి ముత్తమ్మ ఫోన్‌కు చేసేవాడు.

"చూసినవా?" అని మరియం బీ అడిగేది.

"ఇంక లేదు. నీ కన్ను ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది. నువ్వు చూసిరా. ఫోన్ల చెప్పకు, నేనినను. వచ్చి చెప్పు."

జెట్టీకి ఇనుము మోసే పడవలో సింహాచలం అనే శ్రీకాకుళం మనిషి ఉండేవాడు. అక్కడి తెలుగువాళ్లలో ఎక్కువమంది ఆ వైపు వాళ్లే. నబీసాబ్ "గిది", "గట్ల" అన్నప్పుడల్లా సినిమాల్లో వేళాకోళం చేసినట్టు వాళ్లు తిప్పి తిప్పి అనేవారు. నబీసాబ్ కొన్నాళ్లు ఓర్చుకున్నాడు. ఒకరోజు బువ్వ తింటూ, "నవ్వుకో అన్నా, నవ్వుకో. నీళ్లల్ల మునిగినంక నీ భాష లేదు, నా భాష లేదు. ఆడ ఇద్దరం మూగోళ్లమే" అన్నాడు. సింహాచలం ఆ తర్వాత నవ్వడం మానేసి, పక్కన కూర్చోవడం మొదలుపెట్టాడు.

సెప్టెంబరులో అక్కడ ఊళ్లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, భూపాలపల్లిలో నజియా మొగుడు బాయి దిగడం మానేశాడు. ఇక్కడ కూలీల గుడారంలో చిన్న టీవీ ముందు అందరూ చేరేవారు.

"రాష్ట్రం వస్తే ఏటవుతాది నబీగారూ?" అని సింహాచలం నిజంగానే అడిగాడు.

"మా బాయిలల్ల మళ్ల నీళ్లొస్తయంటున్నరు."

"నువ్వు నమ్ముతున్నావా?"

"బాయి ఎండినోడు నమ్మక ఏం చేస్తడే. నమ్మితేనే కదా తాడు పారెయ్యకుంట ఉంటం."

నెలాఖరుకు జెట్టీ పని అయిపోయింది. జగపతి, మిగతా కూలీలు చెన్నై ఓడ ఎక్కారు. నబీసాబ్ ఎక్కలేదు. ఎక్కితే దసరాకు ముందే ఇంట్లో ఉండేవాడు. కానీ ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలి? "మూడు నెలలు సముద్రంల ఉన్న, ఏం చూడలే" అని ఆ చాపిన చేతిలో ఏం రాయాలి? తర్వాతి ఓడ పదకొండు రోజులకు. అప్పటిదాకా నబీసాబ్ సింహాచలం గుడిసెలో ఉండిపోయాడు. ఆ పదకొండు రోజుల్లో ఒక్కరోజు, సముద్రంలో సర్కారు కాపాడుతున్న జాతీయ పార్కుకు తీసుకువెళ్తానని సింహాచలం మాట ఇచ్చాడు. ఆదివారాల్లో అతను అక్కడికి జనాన్ని చేరవేసే పడవలో పనిచేసేవాడు.

వానలు విడిచి విడిచి కురుస్తున్న రోజులు. నాలుగోరోజు పొద్దున తెరిపి ఇచ్చింది. అటవీశాఖ గార్డు ఒకాయన రేవులో అందరి సంచులూ వెతుకుతున్నాడు. ప్లాస్టిక్ కవరు కూడా లోపలికి పోకూడదు. నబీసాబ్ సంచిలోంచి ఇరవై గజాల జనపతాడు బయటపడింది. అది ఎందుకని హిందీలో అడిగాడు. నబీసాబ్ దక్కనీలో జవాబిచ్చాడు, "నడుముకు కట్టుకోవడానికి సాబ్, పడ్డవి తీసేవాణ్ని." గార్డు ఆ మనిషిని, ఆ తాడును రెండుసార్లు చూసి, అక్కడ ఏదీ ముట్టుకోకూడదు, గవ్వ కూడా తీయకూడదు అని చెప్పి వదిలేశాడు.

గార్డు కూడా ఎక్కాక పడవ మడ అడవుల పక్క నుంచి బయలుదేరింది. ఒక దీవి వెనక ఒక దీవి, చెరువులో ఎద్దులు పడుకున్నట్టు కనిపించాయి. నీళ్ల రంగు మారుతూ వచ్చింది. ఒకచోట సింహాచలం చెయ్యి చూపి, అదిగో అక్కడ ఎప్పుడో పాతకాలం ఓడ మునిగిందంటారు అన్నాడు.

"మరి తీయలేదా?" నబీసాబ్ లేచి నిలబడ్డాడు.

"ఎవులు తీస్తారు? యేళ్లకేళ్లుగా అలాగే ఉంది."

"ఓడంటే ఒకని సొమ్ము కాదా? అండ్ల ఎందరి సామాన్లుంటయ్?" ఆయనకు నిజంగానే మనసు కష్టమైంది. ఎన్ని తాళ్లు కావాలి, ఎందరు లాగాలి అని వేళ్లు మడిచి చూసుకున్నాడు. "పడ్డదాన్ని గట్లనే ఇడిసిపెడ్తరా?"

"ఇప్పుడది చేపలది నబీగారూ. పగడాలు దాన్ని పట్టుకుని పెరిగినాయి. లాగితే అవన్నీ సచ్చిపోతాయి."

నబీసాబ్ కూర్చున్నాడు గానీ ఆ మాట మింగుడుపడలేదు.

దీవి దగ్గర అద్దం అడుగున్న చిన్న పడవలోకి దించారు. పది తలలు ఒక్క అద్దం మీద వంగాయి. గీతలు పడిన ఆ అద్దంలోంచి అంతా పాత ఫొటోలా కనిపించింది. రంగులు కావాలంటే ముసుగు అద్దాలు పెట్టుకుని నీళ్లలో దిగాలన్నారు. నబీసాబ్ అంగీ విప్పి, ముఖానికి అద్దాలు బిగించుకుని, ఈతరాని వాళ్లకిచ్చే రబ్బరు జాకెట్టు వద్దని దిగాడు. దిగేముందు అలవాటుగా దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని ఉప్పుకు దగ్గాడు. మునిగాడు.

మునగగానే కళ్లు మూసుకుపోయాయి.

మరి ఏమనుకున్నారు? యాభై రెండేళ్ల అలవాటు. నీళ్లు నెత్తి దాటగానే రెప్పలు వాటంతట అవే బిగుసుకున్నాయి, చేతులు వాటంతట అవే ముందుకు వెళ్లాయి. అది కూడా ఆయనకు తెలియలేదు. కుడి చేతికి ఏదో తగిలింది. తిరగలి రాయికి కొత్తగా గంట్లు పెట్టినట్టు గరుకు, మధ్యలో వంకర వంకరగా కాలవలు, వాటి మీద సన్నటి జిగట. ఇన్నేళ్లలో ఇలాంటిది చేతికి తగలలేదు. ఆనందంతో ఆయన ఇంకాస్త గట్టిగా అదిమాడు. అరచెయ్యి చురుక్కుమంది. అప్పుడే ఎవరో జబ్బ పట్టుకుని పైకి లాగారు.

గార్డు మండిపడుతున్నాడు. చెప్పలేదా, ఏదీ ముట్టుకోవద్దని? అది రాయి అనుకుంటున్నావా? ప్రాణం ఉన్నది. నువ్వు అదిమిన చోట చచ్చిపోతుంది, మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది.

నబీసాబ్ అరచేతిలోంచి నెత్తురు కారుతోంది. ఆయన దాన్ని చూసుకోలేదు. ఇన్నేళ్లూ నీళ్లలో ప్రాణం పోయిన వాళ్లనే తాకాడు, ఎంత మెల్లగా తాకాడో ఆ ఇళ్లవాళ్లను అడగండి. ప్రాణమున్నదాన్ని తాకి నొప్పించడం ఇదే మొదలు. సిగ్గుతో ముఖం ఎత్తలేకపోయాడు. పడవ ఎక్కి కూర్చోమన్నారు. ఎక్కాడు. మిగిలిన వాళ్లు నీళ్లలో ఉండి కేకలు వేస్తున్నారు, ఒకరికొకరు చూపించుకుంటున్నారు. ఇంతదూరం వచ్చి, ఓడ వదులుకుని, కళ్లు మూసుకుని తిరిగిపోవాలా? అక్కడ ఒకతి ఒక్క కన్నుతో ఎదురుచూస్తోంది.

సంచిలోంచి తాడు తీసుకుని గార్డు ముందు నిలబడ్డాడు.

"సాబ్, నా చేతులు వెనక్కి కట్టెయ్యండి. చేతులు ఖాళీగ ఉంటే నా కండ్లు తెరుచుకోవు. ఒక్కపారి దించండి."

గార్డు ముందు నవ్వాడు. తర్వాత నవ్వలేదు. ఏమిటి కథ అని అడిగితే నబీసాబ్ నాలుగు మాటల్లో చెప్పాడు, నా భార్య చూసి రమ్మన్నది, ఆమె చూపు పోతున్నది అని. రబ్బరు జాకెట్టు వేసుకుంటేనే అని గార్డు షరతు పెట్టాడు. సింహాచలం జారుముడి వేసి చేతులు వెనక్కి కట్టాడు. తాడు కొస తన చేతికి చుట్టుకుని, తానూ పక్కనే దిగాడు.

ముఖం నీళ్లలో పెట్టాడు. రెప్పలు మళ్లీ మూసుకున్నాయి. చేతులు కదలబోయాయి, ముడి ఆపింది. వెతకడానికి చేతులు లేవని ఒంటికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అప్పుడు మెల్లగా, భయం భయంగా, కళ్లు తెరిచాడు.

ముందు వెలుగు. నీళ్ల కింద వెలుగుంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. తర్వాత తంగేడు పువ్వు పసుపులో ఒక మంద చేపలు. మోదుగుపువ్వు రంగులో ఒక దిబ్బ, వంగపండు రంగులో ఇంకొకటి, తెల్లబట్టలకు వేసే నీలిమందు రంగులో ఒంటరిగా పోతున్న ఒక చేప. అవతల ఏదో పడవ తాలూకు ఇనుప పక్కటెముకలు ఇసుకలో కూరుకుపోయి ఉన్నాయి. వాటి నిండా పచ్చగా, ఎర్రగా పగడం పట్టింది. చేపలు ఆ సందుల్లోంచి ఇంట్లో మనుషులు గది నుంచి గదికి పోయినట్టు వస్తూ పోతూ ఉన్నాయి. పడ్డదాన్ని తీయకపోవడం కూడా ఒక్కొక్కచోట ధర్మమేనని అప్పుడు ఒప్పుకున్నాడు.

చూస్తున్నకొద్దీ ఆయనకు దుఃఖం పొంగుకొచ్చింది. ఇన్నేళ్లూ దిగిన బావుల్లో కూడా ఏదో ఒక రంగు ఉండే ఉంటుంది, మధ్యాహ్నం ఎండ నిట్టనిలువుగా దిగినప్పుడు. ఒక్కనాడు రెప్ప ఎత్తి ఉంటే ఆమెకు చెప్పేవాడు. ఇప్పుడు చూస్తూ ఉంటే పక్కన ఆమె లేదు. ఇద్దరూ కలిసి చూడాల్సినదాన్ని ఒక్కడే చూడటం అన్యాయంగా తోచింది. అద్దాల లోపల కన్నీళ్లు నిండి, ఆ రంగులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. తాడు గుంజి చెప్పడానికి చేతులు లేవు. సింహాచలమే చూసి పైకి తీశాడు.

మర్నాడు పోర్ట్‌బ్లెయిర్ బజారులో గాజుల అంగడి ముందు కూర్చున్నాడు. చెంబుతో నీళ్లు అడిగి తెప్పించుకుని, ఒక్కొక్క గాజును అందులో ముంచి, ఎండకు పట్టి చూశాడు. ఇది కాదు, కాస్త ముదురు. ఇది కాదు, కాస్త లేత. అంగడివాడు మూడుసార్లు విసుక్కుని నాలుగోసారి తానే సరదాపడి పెట్టెలన్నీ దించాడు. చివరికి ఏడు గాజులు కుదిరాయి, ఏడు రంగులు. వాటిని లుంగీలో చుట్టి, ఆ లుంగీని తాడుతో కట్టాడు. ఒడ్డు చేరేదాకా ఆ మూట ఒడిలోంచి దింపలేదు.

ఓడ మూడురోజులు నడిచింది. చెన్నైలో రైలెక్కాడు. ఆ రైలు డోర్నకల్ దాకా వచ్చి ఆగింది. పట్టాల మీద జనం కూర్చున్నారు. రైల్‌రోకో.

నబీసాబ్ కూడా తెలంగాణ కావాలనుకునే మనిషే. దేవరుప్పుల చౌరస్తాలో దీక్ష శిబిరం వేసినప్పుడు మొదటిరోజు కూర్చున్నవాళ్లలో ఆయనా ఉన్నాడు. పట్టాల మీది వాళ్లను ఏమీ అనలేడు. కానీ తనను ఒక్కణ్ని దాటించి తర్వాత తెలంగాణ తెచ్చుకుంటే ఏం పోయిందని మనసు గొణిగింది. రైలు దిగి, మూట చంకన పెట్టుకుని, రోడ్డు పట్టాడు. ఒక ట్రాక్టరు కొంతదూరం, కాళ్లు కొంతదూరం.

రెండోరోజు మానుకోట దాటాక రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు వెలిగి ఉన్నాయి. వంటావార్పు. రెండు తండాల జనం రోడ్డు మీదే అన్నం వండుతున్నారు. వెనక ఆటోలు వరుసగా ఆగి ఉన్నాయి. పొయ్యి దగ్గర నుంచి ఒక లంబాడీ ఆడమనిషి గరిటె పట్టుకునే లేచి వచ్చింది.

"నువ్వు బాయిల నబీసాబ్‌వు కాదే? మా బాయిల నా వెండి కడెం తీసిస్తివి. నేను సుక్కిని."

ఆయనకు ముఖం గుర్తులేదు గానీ కడియం గుర్తుంది. లోపలి వైపు చిన్న సొట్ట. ఆ మాట అంటే ఆమె సంబరపడి విస్తరి వేసింది. తిన్నాడు. నినాదం ఇస్తే చెయ్యెత్తాడు.

"యాడికి పోయినవ్ కాకా, గింత నల్లగైనవ్?"

"సముద్రం చూడవోయిన."

"ఎట్లుండె?"

నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాడు. "ముందు ఇంటామెకు చెప్పాలె బిడ్డా. తర్వాతనే ఎవ్వలకన్న."

సుక్కి ఎవరినో పిలిచి బండి మీద ఎక్కించింది. తొర్రూరు దాకా ఒక బండి, పాలకుర్తి దాకా ఇంకొక బండి, మిగిలింది నడక.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం. మరియం బీ గడపలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. చాట వైపు చూడటం లేదు. వేళ్లు ఒక్కొక్క గింజను దాటుకుంటూ పోయి, రాయి దొరికితే పక్కన వేస్తున్నాయి. అడుగుల చప్పుడుకు తలెత్తింది.

"వచ్చినవా నజియా అబ్బా. చూసినవా?"

"చూసిన. కండ్లు తెరిచి చూసిన."

ఆయన ఆత్రంగా మూట విప్పి, మొదటి గాజు ఆమె చేతిలో పెట్టాడు. "ఇది ఏం రంగో చెప్పు. ఇసొంటి చేపలు, మందకు మంద."

ఆమె గాజును ఎడమ కన్ను దగ్గరికి తెచ్చుకుంది. ఎండలోకి చాపింది. మళ్లీ దగ్గరికి తెచ్చుకుని, వేళ్లతో చుట్టూ తడిమింది. అప్పుడు నబీసాబ్‌కు అర్థమైంది. ఆమె పక్కనే గడప మీద కూలబడ్డాడు.

"ఎప్పటిసంది?"

"సద్దుల బతుకమ్మ నాడు ముత్తమ్మ బతుకమ్మను తెచ్చి నా కండ్లముందల పెట్టింది. తంగేడుపువ్వు పసుపు మంచిగ కనబడ్డది. తెల్లారి లేస్తే ఇగ ఏం లేదు."

పదిరోజులు దాటింది. మొదటి ఓడ ఎక్కి ఉంటే ఆ బతుకమ్మను ఆమె పక్కన నిలబడి చూసేవాడు. ఫోన్లో ఎందుకు చెప్పలేదని అడగబోయాడు. అడిగే హక్కు తనకేముంది?

"మొదటి ఓడకే రావాల్సి ఉండె మరియం. తప్పు చేసిన."

"వచ్చి ఏం చెప్పేటోనివి?"

ఆమె చాట పక్కకు జరిపి, గాజు ఒళ్లో పెట్టుకుని, ఎప్పటిలాగే అరచెయ్యి చాపింది. "నీళ్ల కింద ఎట్లుండె?"

నబీసాబ్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. మోటారును రాశాడు, మెట్టును రాశాడు, జారుడును రాశాడు. పసుపును ఎట్ల రాయాలి? వేలు ఆమె అరచేతి మధ్యలో ఆగిపోయింది. ఇంతదూరం మోసుకొచ్చిన రంగుల్లో ఒక్కటీ వేలికి దిగక, ముసలివాడు చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

మరియం బీ అతని చెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. నిమురుతూ నిమురుతూ ఆమె బొటనవేలు ఒకచోట ఆగింది. అరచేతిలో మానిన గాయం, వంకర వంకరగా, గరుకుగా, మధ్యలో సన్నటి కాలవతో.

"ఇదేంది?"

"గదే, నీ బొమ్మల ఉన్న పగడపు దిబ్బ. ముట్టుకోవద్దన్నరు. కండ్లు మూసుకుని ముట్టుకున్న. కోసుకుపోయింది."

"గిట్లనే ఉంటదా గది?"

"గిట్లనే. ఇంక పెద్దగ."

ఆమె ఆ మచ్చ మీద బొటనవేలు ఒక కొస నుంచి ఇంకో కొస దాకా మెల్లగా నడిపింది. మళ్లీ నడిపింది. ఆమె ముఖంలో, క్యాలెండర్ కాగితం ముందు కూర్చున్నప్పటి చూపు లాంటిదేదో వచ్చింది. ఒళ్లోని గాజు తీసి చేతికి తొడుక్కుంది.

"ఇది తంగేడు పసుపేనా?"

"అవును."

"అది నాకు యాదున్నది. మిగిలినయ్ ఒక్కొక్కటి తొడుగు. చెయ్యి ఇడవకుంట, మొదటిసంది చెప్పు."

నబీసాబ్ రెండో గాజు తీసుకున్నాడు. చెయ్యి ఆమె చేతిలోనే ఉంచి, కళ్లు మూసుకుని, చెప్పడం మొదలుపెట్టాడు.